సవరణ: కంటిగూడులో తెల్లచుక్క

బైక్ మీంచి పడినవాళ్ల సీటీ స్కాన్ గురించిన మొన్నటి పోస్టులో "కంటిగూట్లో తెల్లచుక్క కనిపిస్తే ఏదో గుచ్చుకున్నట్టే" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. రిపోర్టు పట్టుకుని పర్లాకిమిడి నుంచి బరంపురం పెద్దాసుపత్రికి బస్సెక్కబోతున్నవాళ్లు కాస్త ఆగండి. చుక్క పైన, ముక్కువైపు మూలలో ఉంటే చాలాసార్లు అది ట్రాక్లియా అనే చిన్న మృదులాస్థి (మెత్తటి ఎముక). కంటిని తిప్పే ఒక కండరం తాలూకు స్నాయువు, గిలక మీద చేంతాడులా, అక్కడే మలుపు తిరుగుతుంది. ఆ మృదులాస్థిలో కాల్షియం చేరితే సీటీలో తెల్లగా మెరుస్తుంది. దానివల్ల హాని లేదు. 40 ఏళ్లలోపువాళ్లలో కనిపిస్తే మాత్రం ఓసారి షుగర్ చూపించుకోవడం మంచిది. చెంప ఎముకలో నరం బయటికొచ్చే సన్నటి రంధ్రాన్నీ ఫ్రాక్చర్ అనుకుని టెన్షన్ పడతారు. ఆ రంధ్రాలు కొందరికి ఒకే చెంపలో రెండుంటాయి, కొందరికి అసలుండవు. దెబ్బ తగిలాక ఒకటి రెండుగా కనిపిస్తున్నా, చూపు తగ్గినా ఇవేవీ చూడకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.