బల్ల కావలెను, కుట్టుకోవడానికే

ఫర్నిచరు తయారుచేసే మహానుభావులంటే ఈ వ్యాసకర్తకు ఎనలేని గౌరవం. మనిషి చేసే ప్రతి పనికీ వాళ్లు ఓ బల్ల కనిపెట్టారు. తినడానికో బల్ల, రాయడానికో బల్ల, టీవీ పెట్టడానికో బల్ల, పడుకునే ముందు కళ్లజోడు తీసి పెట్టుకోవడానికి ఓ బుల్లి బల్ల. చివరికి ఏ పనీ చేయకుండా కాళ్లు చాపుకోవడానికి కూడా బల్ల ఉంది. ఇంట్లో కుట్టుకునేవాళ్ల గురించి మాత్రం తరతరాలుగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు: వీళ్లకు కావలసింది బల్ల కాదు, మిషనును దాచే పెట్టె.

అనుమానం ఉంటే అమ్మకానికి పెట్టిన ఏ కుట్టుమిషను క్యాబినెట్టు ఫొటో అయినా చూడండి. ముందుగా కనిపించేది మూసి ఉన్న క్యాబినెట్టే. పైన ఓ పూలకుండీ, పక్కన ఎవరూ చదవని రెండు పుస్తకాలు. మూసేస్తే లోపల మిషనుందని ఎవరూ పోల్చుకోలేరన్నది దాని ప్రధాన సుగుణం. మంచం అమ్మేవాడెవడూ దీని మీద మనుషులు పడుకుంటారని ఎవరికీ తెలియదండీ అని గొప్పలు చెప్పుకోడు. కుట్టుపనికి మాత్రం ఆ మర్యాద దక్కింది. పందొమ్మిదో శతాబ్దంలోనే కంపెనీలు క్యాబినెట్లను నలుగురూ కూర్చునే గదిలో పెట్టుకోదగ్గ అందమైన సామానుగా అమ్మాయి. ఇంటిల్లిపాదికీ కుట్టిన బట్టలు కావాలి, కుట్టడం మాత్రం ఎవరి కంటా పడకూడదు. నాగరికత అంటే ఇదే కాబోలు.

తొలిరోజుల్లో ఇంత నాగరికత లేదు. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పుచ్చుకున్న మిషను ఏ చెక్కపెట్టెలో బయల్దేరేదో, చేరాక ఆ పెట్టే దానికి బల్ల. మిషనుతో పాటే బల్లా వచ్చేది, వెతుకులాట ఉండేది కాదు. ఇప్పటి మిషను అట్టపెట్టెలో థర్మోకోల్ దిండ్ల మధ్య వస్తుంది. దాని మీద పెట్టి కుట్టండి చూద్దాం.

కొత్త మిషను కొన్నవాళ్లు సాధారణంగా చేసే పని దాన్ని తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పెట్టడం. ఆ బల్ల ఎత్తు సుమారు ముప్పై అంగుళాలు. మిషను అడుగు నుంచి బట్ట జరిగే పలక దాకా ఇంకో మూడు అంగుళాలు. అంటే మీ చేతులు పనిచేయాల్సింది నేలకు ముప్పైమూడు అంగుళాల పైన. కూర్చుంటే మోచేయి ఎక్కడికొస్తుందో ఆ ఎత్తులో బట్ట ఉండాలని దర్జీ పని తెలిసినవాళ్లెవరైనా చెబుతారు. అందుకే వాళ్ల బల్లల్లో మిషనును కిందికి దించి, దాని పలక, బల్ల సమానంగా ఉండేలా బిగిస్తారు. ఇంట్లో కుట్టుకునేవాళ్లకు అంత సుఖం పనికిరాదట. భుజాలు చెవుల దాకా ఎత్తి, రెక్కలు విప్పబోయే కోడిలా కూర్చుని రెండు కర్టెన్లు కుట్టేసరికి మెడ పట్టేస్తుంది. కుర్చీలో దిండు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లకు దండం. దిండు వేసుకుంటే చేతులు అందుతాయి, నిజమే. పెడలు కాలికి అందదు.

మిషనుతో పాటు, లేదా విడిగా, ఓ ప్లాస్టిక్ పలక దొరుకుతుంది. నాలుగు పొట్టి కాళ్లతో మిషనును చుట్టుకుని నిలబడుతుంది. బట్ట పరుచుకోవడానికి చోటు పెరుగుతుంది, ఎత్తు మాత్రం వీసమెత్తు తగ్గదు. పెద్ద దుప్పటి కుట్టేటప్పుడు దాని బరువంతా ఎడమ పక్కకీ వెనక్కీ జారి కిందికి లాగుతుంటే, సూది దగ్గర బట్ట ఆగిపోయి కుట్లు బియ్యపుగింజల్లా పొట్టిగా ఒకదాని మీద ఒకటి పడతాయి. లోపం చేతిలో ఉందనుకుంటాం. చోటు లేని బల్లను ఎవరూ తప్పుపట్టరు.

సరే, క్యాబినెట్టే కొందామని తెగించారనుకోండి. అప్పుడు తెలుస్తుంది పాతవాళ్లు ఎంత అమాయకులో. ఆ కాలపు ఇనుప మిషన్ల అడుగుపలక సుమారు పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. వెనక అంచున రెండు రంధ్రాలు, వాటిలో బల్ల కీళ్లు. ఈ కొలతను చాలా కంపెనీలు పాటించాయి కాబట్టి ఒకరి మిషను ఇంకొకరి బల్లలో చక్కగా కూర్చునేది. నూనె వేయాలంటే మిషనును కీళ్ల మీద వెనక్కి వాల్చితే సరిపోయేది. 1933లో వచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్ మిషను ఐదు కిలోల బుల్లిది, దానికి కూడా సరిపడా కంత కోసిన మడత బల్ల ఉండేది. పాపం, వాళ్లకు వ్యాపారం తెలియదు. ఇప్పుడు అలా కాదు. ఏ మిషను నడుము దానిదే, ఏ మిషను వంపు దానిదే. బల్లలో మిషను చుట్టూ మిగిలే సందు పూడ్చే పలకను మీ మోడల్ నంబరుకు విడిగా కోయించుకోవాలి. రేపు మిషను మారిస్తే ఆ పలక ఫొటోఫ్రేముకైనా పనికొస్తుందేమో చూసుకోవాలి.

కొలతల దగ్గర ఇంకో వినోదం ఉంది. మిషను పొడవు, వెడల్పు జాగ్రత్తగా కొలిచి, కంత కొలతతో సరిపోయిందని సంబరపడతారు. లోపల దించుతారు. అప్పుడు గుర్తొస్తుంది, కరెంటు ప్లగ్గు గుచ్చేది కుడి పక్కన చేతిచక్రం కింద అని. ప్లగ్గు గుచ్చితే మిషను కంతలో పట్టదు. మిషను పడితే ప్లగ్గు పట్టదు. బాబిన్, అంటే కింది దారం చుట్టిన బుల్లి కండె, ముందు నుంచి మార్చే మిషనైతే మరీ సుఖం, అది అయిపోయిన ప్రతిసారీ మొత్తాన్ని పైకి లేపి, మార్చి, మళ్లీ కిందికి దించాలి. వ్యాయామానికి వ్యాయామం.

మోకాళ్ల సంగతి. సూది మన ముక్కుకు సూటిగా ఉండాలి. సూది ఉండేది మిషనుకు ఎడమ కొసన, అంటే మిషను ఒళ్లంతా మనకు కుడి పక్కన ఉంటుంది. ఇది గమనించాలంటే ఒక్కసారి మిషను ముందు కూర్చుంటే చాలు. కానీ చాలా క్యాబినెట్లలో కాళ్లు పెట్టుకునే చోటు మిషను నడిమధ్యకు కిందే ఉంటుంది, సూదికి ఎదురుగా మోకాలు ఉండాల్సిన చోట దారపు కండెల సొరుగు ఉంటుంది. సొరుగులు చాలా అందంగా ఉంటాయి. ఫొటోలో పడేవి అవేగా.

కాళ్లకు చక్రాలు ఉండటం కూడా ఓ సౌకర్యమే. ఇంట్లో వాడే మిషను నిమిషానికి ఏడెనిమిది వందల కుట్లు వేస్తుంది. ఆ అదురుకు చక్రాల బల్ల నెమ్మదిగా గోడ వైపు ప్రయాణం కడుతుంది, కుట్టేవాళ్లు కుర్చీతో సహా వెంట నడుస్తారు. రంపపు పొట్టును జిగురుతో అదిమిన బోర్డుతో చేసిన బల్లయితే ఎడమ పక్క రెక్క మీద దుప్పటి బరువు పడ్డకొద్దీ కీళ్ల మేకులు మర్యాదగా బయటికొచ్చేస్తాయి. మేకులకు పట్టు దొరకని చెక్కతో, రోజంతా అదిరే యంత్రానికి బల్ల చేయాలన్న ఆలోచన వచ్చినవారికి పాదాభివందనం.

వీటన్నిటికీ విరుగుడు ఒకటుంది, అందులో ఏ అందమూ లేదు. ఎవరూ వాడని ఓ బరువైన పాత రాతబల్ల వెతకండి. అసలైన చెక్కదో, మందపాటి ప్లైవుడ్డుదో అయితే చాలు, ఊపి చూస్తే కదలకూడదు. మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు సూది ఎక్కడికి రావాలో ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే మిషను ఆకారం గీయండి, కుడి పక్కన ప్లగ్గుకు కాస్త చోటు వదలండి. వడ్రంగి చేత ఆ మేరకు కంత కోయించండి. మిషను పలక ఎత్తులోంచి బల్ల మందం తీసేస్తే, మిషను కూర్చోవడానికి కింద బిగించే ఆధారపు చెక్క బల్ల అడుగు నుంచి ఎంత లోతున ఉండాలో తెలుస్తుంది.

ఇంత మంచి బల్లకు కంత పెట్టించావేమిటని ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకుంటారు. ఇన్నాళ్లూ దాని మీద పాత పేపర్లు పేర్చినప్పుడు ఎవరికీ అది మంచి బల్లని తోచలేదు. వాళ్ల తృప్తి కోసం కోసిన ముక్కను పారేయకండి. మిషను పైకి తీసినప్పుడు, కింద ఆధారపు చెక్క మీద నాలుగు ముక్కలు నిలబెట్టి దాన్ని మూతగా పెడితే బల్ల మళ్లీ చదునైపోతుంది. రంపం తిన్న మేర కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి అంచు చుట్టూ ఓ వరస గుడ్డ అతికించాలి. ఆ ఇంట్లో గుడ్డ పీలికలకు కరువేమీ ఉండదు.