సవరణ: వాన లైటర్ గురించి నేను రాసింది సగం తప్పు

‘వానకైనా గాలికైనా ఒత్తి ఉన్న పెట్రోల్ లైటరే మేలు, ఒకసారి నింపితే నెలల తరబడి వస్తుంది’ అని పోయిన వారం రాశాను, తలకోనకు దాన్నే తీసుకెళ్లమనీ చెప్పాను. సరిదిద్దుకుంటున్నాను.

గాలి మాట నిజమే. ఒత్తి చుట్టూ ఉండే చిల్లుల గూడు మంటను కాపాడుతుంది. నీటికి మాత్రం ఆగదు. చంద్రగిరి దగ్గర తోటలో కార్తీకం వానకి ఒత్తి తడిసి, ఎంత తిప్పినా వెలగలేదు. పక్కనున్న తాత అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొచ్చాడు, ఆయనే గెలిచాడు! పైగా వాడకపోయినా పెట్రోల్ ఆవిరైపోతుంది. నెలలు కాదు, వారం పది రోజులే.

కొనేవాళ్లు రబ్బరు రింగుతో మూత బిగుసుకునే బ్యూటేన్ జెట్ లైటర్ (గ్యాస్‌తో మంటను చిమ్మేది) చూడండి. మూత తెరిచాక తడిస్తే దాని మీట కూడా రవ్వ వేయదు, ఆరాలి. అందుకే నేనిప్పుడు తోడుగా ఫెర్రో కడ్డీ (గీస్తే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ) కూడా ఉంచుకుంటున్నా. నీళ్లలో పడినా తుడిచి గీస్తే రవ్వలొస్తాయి.

తలకోనకు తీసుకెళ్లమన్న సలహా పూర్తిగా వెనక్కి. అది శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు అడవి, అక్కడ నిప్పు పెట్టడం నేరం.