బరనీ కోరుకున్న ఢిల్లీ, బరనీ చూసిన ఢిల్లీ

మళ్లీ మొదలైంది. పద్నాలుగో శతాబ్దపు ఢిల్లీ చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాసిన నాలుగు ముక్కలు పెట్టి "సుల్తానుల కాలంలో ఇలా జరిగింది" అంటారు కొందరు. "దర్బారు భట్రాజు మాటలు, వదిలేయండి" అంటారు ఇంకొందరు. ఆ ముక్క ఏ పుస్తకంలోదో మాత్రం ఎవరూ చెప్పరు.

'తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ' చరిత్ర. బల్బన్‌తో మొదలై ఫిరోజ్ షా తుగ్లక్ తొలి ఏళ్ల దాకా వస్తుంది, 1357లో పూర్తయింది. 'ఫతావా-ఎ-జహందారీ' చరిత్ర కాదు, రాజు ఎలా ఏలాలో చెప్పే సలహాల పుస్తకం. ఆ సలహాలు కూడా సొంత నోటితో చెప్పడు, ఎప్పుడో మూడు వందల ఏళ్ల కింద పోయిన గజనీ మహమూద్ చేత చెప్పిస్తాడు! వాటినే సుల్తాన్ ఫర్మానాల్లాగా షేర్ చేస్తుంటే ఒళ్లు మండుతుంది.

నిజానికి అందులో సగం ఏడుపే. రాజధానిలోనే హిందువులు మేడలు కడుతున్నారట, జరీ బట్టలేసుకుని అరబ్బీ గుర్రాలెక్కుతున్నారట, ముస్లింలను పనికి పెట్టుకుంటున్నారట, రాయ్, రాణా, ఠాకూర్, పండిట్ అని పిలిపించుకుంటున్నారట. ఢిల్లీ ఆయన కోరినట్టు ఉంటే ఈ గోల ఎందుకు?

అలాగని పక్కన పడేస్తే ఎలా? 'తారీఖ్'లో అల్లావుద్దీన్ ఖల్జీ పన్నుల దెబ్బకు గ్రామ పెద్దలు గుర్రమెక్కలేని స్థితికి వచ్చారని రాసిందీ ఆయనే, బజారులో మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్లని (అప్పటి చిల్లర నాణేలు) ధర చెప్పిందీ ఆయనే. ఉత్త భట్రాజే అయితే సొంత పక్షం ఓటమి రాస్తాడా? ఓరుగల్లులో కన్యా నాయక్ బలం పుంజుకుంటే అక్కడ సుల్తాన్ తరఫు అధికారి మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడని రాశాడు. మన చరిత్రకారులు కాపయ నాయకుడంటున్నది ఈ కన్యా నాయక్‌నే. మక్బూల్ కూడా పరాయివాడు కాదు, కాకతీయుల కొలువు నుంచి వెళ్లి మతం మారిన తెలుగువాడే. తర్వాత ఫిరోజ్ షాకు వజీరయ్యాడు. అంటే బరనీ ఏ సుల్తాన్ పేరు మీద పుస్తకం రాశాడో, ఆ సుల్తాన్ రాజ్యాన్ని నడిపింది ఈయనే.

ఇదంతా బరనీకి ఎంత మంటగా ఉండి ఉంటుందో! ఆయన తండ్రీ బాబాయీ ఖల్జీల కొలువులో పెద్ద పదవులు చేశారు. తను పదిహేడేళ్లు మహమ్మద్ బిన్ తుగ్లక్‌కు ఆంతరంగికుడు. 1351లో ఆ సుల్తాన్ పోగానే కొలువు పోయింది, చెరసాల, పేదరికం. రెండు పుస్తకాలూ ఆ పతనం తర్వాత రాసినవే. అందుకే మహమ్మద్ పదవులిచ్చిన సారా వృత్తి అజీజ్ ఖమ్మార్ మీద, తోటమాలి మీద అంత విషం కక్కుతాడు. వాళ్లలో ముస్లింలున్నా సరే, తక్కువ పుట్టుకైతే చాలు, ఆయన దృష్టిలో పనికిరారు. అలాంటివాళ్లకు రాయడం, చదవడం నేర్పొద్దని 'ఫతావా'లో స్పష్టంగా చెప్పాడు. నమాజు, ఉపవాసం, ఖురాన్‌లో కాస్త వస్తే చాలట.

హిందువుల గురించి రాసిన పేజీ వారానికోసారి నా ఫోనుకొస్తుంది. చదువు నేర్పొద్దన్న ఈ పేజీ మాత్రం ఏ పక్షమూ పంపదు. పుట్టుకను బట్టి చదువు ఆపాలనే మాట మీద చర్చ మొదలైతే ఎవరి ఇల్లూ మిగలదని తెలుసు కాబోలు.