మ.రా.శ్రీ టైమింగ్ బెల్ట్ వారి సముఖమునకు

అయ్యా,

విశాఖపట్నం నుంచి ఒక పాత పెట్రోల్ కారు ఓనరు చేసుకునే విన్నపం.

ఇన్నేళ్లుగా మా బండిలో కాపురం ఉంటూ తమరు ఒక్కసారీ దర్శనమివ్వలేదు. ఫ్యాన్ బెల్టును చూడండి. కాస్త వదులైతే చాలు, పొద్దున్నే కీచుమని అరిచి వీధి వీధంతా లేపుతుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగితే గీరుకుంటాయి. తమరి జ్ఞాతి టైమింగ్ చైన్ సైతం ముసలైతే గలగలమని నాలుగు మాటలు చెప్పే పోతుంది. తమరు మాత్రం ప్లాస్టిక్ కవర్ చాటున ఏకాంతవాసం. మూలగరు, దగ్గరు, మా డ్యాష్‌బోర్డు మీద తమరి పేరిట ఒక ఎర్ర లైటైనా లేదు. ఒకరోజు నోటీసు పీరియడ్ లేకుండా ఉద్యోగం మానేస్తారు. అదీ ఇంటి ముందు కాదు, అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో, బండి నిండా చుట్టాలుండగా.

పోనీ, మానేసి ఊరుకుంటారా? కింద పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, పైన వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూడటమే తమరి కొలువు. మీటర్‌లో 3,000 ఆర్‌పీఎం ఉన్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేలోగా అది తప్పుకోవాలి. తమరు తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, తెరిచిన వాల్వు తెరిచినట్టే ఉంటుంది, పిస్టన్ వచ్చి గుద్దుతుంది. కొన్ని ఇంజన్లలో రెండింటికీ మధ్య చోటు వదులుతారు లెండి, మా దాంట్లో ఆ దయ చూపలేదు. వాల్వులు వంగితే ఇంజన్ పైభాగం, అదే హెడ్, దించాలి. ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ రాదంటారు. రబ్బరు ముక్క ఖరీదెక్కడ, ఆ బిల్లెక్కడ!

మా ఊళ్లో కొత్త బండి కొంటే ముందు వెళ్లేది ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడికే. బానెట్‌కి దండ, అద్దానికి బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ. తమరికి బొట్టు పెట్టిన నాథుడు లేడు. సెకండ్ హ్యాండ్ బేరంలోనూ అంతే. టైరును గోరుతో గిల్లుతారు, డోరు నాలుగుసార్లు వేసి తీస్తారు, మైలేజీ ఎంతొస్తుందంటారు. ‘బెల్ట్ ఎప్పుడు మార్చారు?’ అని అడిగితే అమ్మేవాడు తడుముకోకుండా ‘మొన్ననే సార్’ అంటాడు. అది ఏ సంవత్సరపు మొన్నో బిల్లుంటే కదా తెలిసేది. మా బండీ అలా ‘మొన్ననే’ మార్చిన బెల్టుతో వచ్చిందే. అందుకే ఈ ఆదివారం పానాలు పట్టుకున్నాను.

సెల్లార్‌లోకి దిగొచ్చిన పై అంతస్తు పెద్దాయన, ‘నడుస్తున్న బండిని కెలకడమేటి బాబూ? తిరిగింది తక్కువే కదా!’ అన్నారు. బండి నిలబెట్టినా రబ్బరుకు వయసొస్తుందండీ, అందుకే కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ రాసి ‘ఏది ముందొస్తే అది’ అంటారన్నాను. బండిని బట్టి 60,000 నుంచి లక్ష కిలోమీటర్ల దాకా చెబుతారు. ఆయన జాలిగా చూసి వెళ్లిపోయారు.

తమరి దర్శనం అంత తేలికా? ముందు చక్రం విప్పాలి, బండిని జాకీకి వదిలేయకుండా కింద స్టాండు పెట్టాలి, ఇంజన్ అడుగున చెక్క పెట్టి ఎత్తిపట్టి, దాన్ని బండికి బిగించిన మౌంటింగ్ విప్పాలి. ఇక క్రాంక్ పుల్లీ బోల్టు! సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టి, పానాకు పొడవాటి పైపు తొడిగి ఒళ్లంతా వేస్తే గానీ టక్కుమనలేదు.

కవర్ తీస్తే అప్పుడు కనిపించారు. వీపు అద్దంలా నున్నగా మెరుస్తోంది, పళ్ల మొదట్లో సన్నని పగుళ్లు, ఒక అంచున దారాలు లేచి ఉన్నాయి. బయటికి మాత్రం ఇంజన్ కుట్టుమిషన్‌లా నడుస్తూనే ఉంది, ఎంత నటన! పక్కన తమరిని వదులవకుండా పట్టి ఉంచే ఆంతరంగికుడు టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పితే గరగరమంది. షెడ్లలో చాలామంది దీన్ని చూసి ‘బానే ఉంది సార్, నడిచిపోద్ది’ అంటారు. నడుస్తుంది, ఆ బేరింగ్ పట్టేసి కొత్త బెల్టును కూడా తినేసేదాకా. అందుకే సెట్టు మొత్తం మార్చాను. మా ఇంజన్లో వాటర్ పంపును తిప్పేదీ తమరే కాబట్టి దానికీ కొత్త యోగం పట్టింది.

మార్కులు కలపడం మాత్రం పెళ్లి ముహూర్తం కన్నా పెద్ద తంతు. క్రాంక్ మార్కు, క్యామ్ మార్కు రెండూ గీతకు గీత కుదరాలి, వదులంతా టెన్షనర్ వైపే చేరాలి. టెన్షనర్ బిగించాక, సెల్ఫ్ కొట్టకుండా, పానాతో క్రాంక్‌ను నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ చూడాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా విప్పి మొదటికి రావాల్సిందే. గీతలు కుదిరాయి. తిప్పేటప్పుడు ఎక్కడా అడ్డం తగల్లేదు. కవర్ బిగించాను.

దాని మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాశాను, రేపు ఈ బండి కొనేవాడు ‘మొన్ననే’ నమ్మాల్సిన పని లేకుండా. తమరి వారసుడికి నా మాటగా చెప్పండి: గడువు దాకా కొలువులో ఉండమనండి. ముందే మానేయాలనిపిస్తే, ఏదో ఒక సెలవు రోజున, ఇంజన్ ఆపి ఉండగా, ఆటోనగర్‌కు దగ్గర్లో మానేయమనండి.

ఇట్లు,
తమరి ముఖం చూసిన బహుకొద్దిమందిలో ఒకడు