డారెన్ స్టీవెన్స్: ఇంగ్లండ్ టోపీ లేని పాతికేళ్ల కెరీర్

2021-22 యాషెస్ సిరీస్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఇంగ్లండ్ 0-4తో చిత్తయ్యాక, ఆ దేశంలో నింద ఎప్పటిలాగే కౌంటీ జట్ల మధ్య నాలుగేసి రోజుల మ్యాచ్‌లతో సాగే దేశవాళీ పోటీ, కౌంటీ చాంపియన్‌షిప్ నెత్తిన పడింది. ఏప్రిల్, మే నెలల్లో చెమ్మ ఆరని పచ్చిక పిచ్‌లపై మ్యాచ్‌లు పెడుతున్నారనీ, గంటకు 110 కిలోమీటర్లకు అటూ ఇటూగా బంతులు వేసే మీడియం పేసర్లు అక్కడ వికెట్ల పంట పండించుకుంటున్నారనీ, అలాంటి బౌలింగ్‌ను ఆడి ఎదిగిన బ్యాటర్లు బ్రిస్బేన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో నిలబడలేరనీ మాజీలు, విశ్లేషకులు గట్టిగానే విమర్శించారు. ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఉదాహరణగా ముందుకొచ్చే పేరు డారెన్ స్టీవెన్స్. కెంట్ కౌంటీ ఆల్‌రౌండర్ అయిన అతడు ఇంగ్లండ్ జట్టుకు ఎన్నడూ ఆడలేదు, అప్పటికి అతడికి 45 ఏళ్లు. ఆ వయసువాడు ఫస్ట్‌క్లాస్ బ్యాటర్లను వరసగా పెవిలియన్‌కు పంపుతున్నాడంటే లోపం పోటీ స్థాయిలోనే ఉందన్నది విమర్శకుల తర్కం. ఈ తర్కం స్టీవెన్స్‌కు అన్యాయం చేయడంతో ఆగదు, కౌంటీ క్రికెట్‌లో నిజంగా సరిదిద్దాల్సినవాటిని కూడా మరుగున పడేస్తుందని నా అభిప్రాయం.

స్టీవెన్స్ 1976 ఏప్రిల్ 30న లీసెస్టర్‌లో పుట్టాడు. 1997లో సొంత కౌంటీ లీసెస్టర్‌షైర్ తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టాడు. అప్పట్లో అతడు పూర్తిగా బ్యాటర్. కళ్లు చెదిరే షాట్లు ఆడి, కుదురుకున్నాడనుకునేలోపే వికెట్ పారేసుకునే రకమన్న పేరుండేది. బౌలింగ్ అంటారా, కెప్టెన్‌కు వేరే దారి లేనప్పుడు వేసే నాలుగైదు ఓవర్లే. 2004లో ట్వంటీ20 కప్ గెలిచిన లీసెస్టర్‌షైర్ జట్టులో సభ్యుడైనా, ఆ సీజన్ ముగిశాక కౌంటీ మారాడు. 2005లో కెంట్ సొంత మైదానం క్యాంటర్‌బరీకి వచ్చేనాటికి అతడికి 29 నిండబోతున్నాయి. ఆ మైదానంలో బౌండరీ లోపల రెండు శతాబ్దాల పాటు నిలబడ్డ నిమ్మచెట్టు, మన నిమ్మ కాదు, లైమ్ అని పిలిచే ఎత్తయిన నీడచెట్టు, ఆ ఏడాది జనవరిలోనే గాలివానకు కూలిపోయింది. ఆ వేసవిలోనే స్టీవెన్స్ వెయ్యి పరుగులు దాటి కొత్త కౌంటీలో పాతుకున్నాడు.

మామూలుగా బ్యాటర్ కెరీర్ 35 ఏళ్లు దాటాక దిగువకు జారుతుంది. స్టీవెన్స్ విషయంలో సరిగ్గా అప్పుడే బౌలర్‌గా రెండో కెరీర్ మొదలైంది. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అతడి ఖాతాలో 16 వేలకు పైగా పరుగులు, ఆరువందలకు కాస్త తక్కువగా వికెట్లు ఉన్నాయి. ఆ వికెట్లలో సింహభాగం, ఇతరులు బూట్లు విప్పి కామెంటరీ బాక్సులోకి వెళ్లే వయసులో సాధించినవే.

ఈ మార్పు ఎలా సాధ్యమైందో కొంత దగ్గరగా చూడాలి. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతికి ఆరు వరసల దారాన్ని చేత్తో కుడతారు. ఆ కుట్టు, అంటే సీమ్, ఉబ్బెత్తుగా ఉండి, చాలా ఓవర్ల దాకా అణగదు. స్టీవెన్స్ రనప్ చిన్నది, దూకుడు లేనిది. కానీ వదిలేటప్పుడు మణికట్టు కచ్చితంగా సీమ్ వెనకాలే ఉండటంతో బంతి సీమ్ మీదే పిచ్ అయ్యేది. అక్కడి నుంచి అది లోపలికి వస్తుందో బయటికి పోతుందో చాలాసార్లు బౌలర్‌కే ముందుగా తెలియదు, ఇక బ్యాటర్‌కు తెలిసేదెలా? ఇలాంటి బౌలర్ మీద బ్యాటర్లు సాధారణంగా ఒక మందు వాడతారు. క్రీజు వదిలి రెండడుగులు ముందుకొచ్చి, బంతి కదలకముందే దాన్ని అందుకోవడం. స్టీవెన్స్ వికెట్ కీపర్‌ను స్టంప్స్ దగ్గరికి పిలిచి ఆ దారి మూసేసేవాడు. క్రీజులో కట్టిపడేసిన బ్యాటర్‌కు ఆఫ్‌స్టంప్ మీదికే, ఆడితే ఎడ్జ్, ఆడకపోతే ఎల్బీడబ్ల్యూ అన్నట్టు, ఒకే లెంగ్త్‌లో ఓవర్ తర్వాత ఓవర్ వేసేవాడు. వేగం లేకపోవడం ఇక్కడ లోపం కాలేదు. బంతి నెమ్మదిగా రావడంతో పిచ్ మీద కదిలేందుకు దానికి వ్యవధి చిక్కింది, బ్యాటర్‌కేమో తొందరపడి ముందే ఆడాలనే ప్రలోభం కలిగింది.

పచ్చిక పిచ్‌లే అతణ్ని బతికించాయన్న ఆరోపణను ఇప్పుడు పరిశీలిద్దాం. ఇందులో కొంత నిజముంది. బ్యాటర్లకు నరకం చూపించే ఏప్రిల్ పిచ్‌లు ఎలా ఉంటాయో తెలుగు అభిమానులకు హనుమ విహారి వల్ల కొంత తెలుసు. 2021 ఏప్రిల్‌లో వార్విక్‌షైర్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన విహారి, స్టువర్ట్ బ్రాడ్ బౌలింగ్‌లో 23 బంతులాడి సున్నాకే వెనుదిరిగాడు. అయితే ఆ పిచ్‌లు, ఆ డ్యూక్స్ బంతి దేశంలోని పద్దెనిమిది కౌంటీల్లో ప్రతి మీడియం పేసర్‌కూ అందుబాటులో ఉన్నాయి. అతడి కంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు, అతడి కంటే వేగంగా వేసేవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు. పిచ్ ఒక్కటే కారణమైతే వాళ్లందరూ ఎందుకు ఆ పని చేయలేకపోయారన్న ప్రశ్నకు విమర్శకుల దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి ఇంతకంటే బలమైనది. సొంత జట్టు సీమర్ల కోసం, అంటే సీమ్ మీద బంతిని కదిలించే పేసర్ల కోసం, పచ్చిక పిచ్‌లు తయారు చేసే అలవాటును తగ్గించాలని 2016లో ఇంగ్లండ్ బోర్డు ఒక కొత్త నిబంధన తెచ్చింది. ఆ మైదానానికి ఆడేందుకు వచ్చిన కౌంటీ కోరుకుంటే టాస్ లేకుండానే ముందుగా బౌలింగ్ చేయవచ్చు. పిచ్‌ను మరీ సీమర్లకు అనుకూలంగా చేస్తే మొదటి లాభం ప్రత్యర్థికే పోతుంది కనుక ఆతిథ్య కౌంటీలు జాగ్రత్త పడతాయని ఆలోచన. ఈ నిబంధన 2019 సీజన్ దాకా అమలులో ఉంది. మీడియం పేసర్ల ప్రాబల్యాన్ని తగ్గించడానికి ఉద్దేశించిన ఈ నాలుగేళ్లలోనే స్టీవెన్స్ తన అత్యుత్తమ బౌలింగ్ సీజన్లలో రెండింటిని ఆడాడు. 2017లో, 41 ఏళ్ల వయసులో, కౌంటీ చాంపియన్‌షిప్ దిగువ అంచె అయిన రెండో డివిజన్‌లో 62 వికెట్లు తీశాడు. రెండో డివిజన్ కాబట్టి సరిపోయిందిలే అనుకున్నవాళ్లకు 2019 సమాధానం చెప్పింది. కెంట్ ఆ ఏడాది మొదటి డివిజన్‌కు వచ్చింది, 43 ఏళ్ల స్టీవెన్స్ అక్కడ 52 వికెట్లు తీశాడు.

ఆ 2019 సీజన్ నడుస్తుండగానే, ఏడాది చివర్లో అతణ్ని వదులుకుంటున్నట్టు కెంట్ ప్రకటించింది. టీ20ల కోసం అతణ్ని డెర్బీషైర్‌కు అరువిచ్చారు, ఆ జట్టు తొలిసారి ఫైనల్స్ డేకు, అంటే సెమీఫైనళ్లు, ఫైనల్ ఒకే రోజు జరిగే దశకు చేరింది. సెప్టెంబరులో మళ్లీ కెంట్ తరఫున బరిలోకి దిగి ట్రెంట్‌బ్రిడ్జ్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌పై ఒకే మ్యాచ్‌లో పది వికెట్లు పడగొట్టాడు. ఆ తర్వాత హెడింగ్లీలో యార్క్‌షైర్‌తో మ్యాచ్. కెంట్ 39 పరుగులకే ఐదు వికెట్లు కోల్పోయిన స్థితిలో సామ్ బిల్లింగ్స్‌తో కలిసి ఆరో వికెట్‌కు 346 పరుగులు జోడించాడు. 225 బంతుల్లో 237 పరుగులు చేశాడు. అంతటితో ఆగక రెండో ఇన్నింగ్స్‌లో 20 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు, కెంట్ 433 పరుగుల తేడాతో గెలిచింది. ఒప్పందం లేకుండా పోతున్న ఆటగాడికి కెంట్ మరో ఏడాది ఒప్పందం ఇచ్చింది. పెద్ద ఆట అనుకునేవాటిలో చాలా మ్యాచ్‌ల కన్నా ఆ హెడింగ్లీ మ్యాచే నాకు గొప్పగా కనిపిస్తుంది. ఒక మనిషి తన బతుకుతెరువు కోసం, తన వయసు మీద ఇతరులు ఇచ్చిన తీర్పును కొట్టేయడం కోసం, నాలుగు రోజుల పాటు బ్యాటుతోనూ బంతితోనూ పోరాడిన మ్యాచ్ అది.

బ్యాటింగ్ గురించి చెప్పుకోవాలంటే 2021 మే నెలలో క్యాంటర్‌బరీలో గ్లామోర్గాన్‌పై ఆడిన ఇన్నింగ్స్‌కే మొదటి స్థానం. 128 పరుగులకు ఎనిమిది వికెట్లు పడ్డాక వెస్టిండీస్ పేసర్ మిగెల్ కమిన్స్ క్రీజులోకి వచ్చాడు. తొమ్మిదో వికెట్‌కు 166 పరుగులు వచ్చాయి, అందులో కమిన్స్ వాటా ఒక్క పరుగు. స్టీవెన్స్ 149 బంతుల్లో 15 ఫోర్లు, 15 సిక్సర్లతో 190 పరుగులు చేశాడు, కెంట్ మొత్తం స్కోరు 307. గ్లామోర్గాన్ బ్యాటింగ్‌కు దిగాక, అప్పుడు టెస్టు క్రికెట్‌లో ప్రపంచ అగ్రశ్రేణి బ్యాటర్లలో ఒకడైన మార్నస్ లబుషేన్‌ను ఎల్బీడబ్ల్యూగా ఔట్ చేసిందీ అతడే. ఆస్ట్రేలియాలో ఎదిగి, నిజమైన పేస్‌ను ఆడి నిలిచిన లబుషేన్ కూడా ఆ బంతిని ఆడలేకపోయాడంటే, కౌంటీ బ్యాటర్ల టెక్నిక్ మీద మాత్రమే నింద వేయడం కష్టం.

అంతకు కొద్ది వారాల ముందే, ఇంగ్లండ్‌లో వెలువడే ప్రసిద్ధ క్రికెట్ వార్షిక సంచిక విజ్డెన్ అతణ్ని ఏటా ఎంపిక చేసే ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ప్రకటించింది. 2020లో కరోనా వల్ల కౌంటీ చాంపియన్‌షిప్‌కు బదులు కుదించి జరిపిన బాబ్ విల్లిస్ ట్రోఫీలో 29 వికెట్లు తీసినందుకు దక్కిన గుర్తింపు ఇది. అప్పుడు 44 ఏళ్ల స్టీవెన్స్ అంత పెద్ద వయసులో ఈ గౌరవం అందుకున్నవాడు 1933లో యూవర్ట్ ఆస్టిల్ తర్వాత మరొకడు లేడు. ఆస్టిల్‌దీ లీసెస్టర్‌షైరే. తెలుగువారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాల్సిన సంగతొకటుంది. ఆస్టిల్ ఉన్న ఆ 1933 జాబితాలోనే, నాగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టి భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ అయిన కొఠారి కనకయ్య నాయుడు పేరూ ఉంది. అరవై ఏళ్లు దాటాక కూడా రంజీ ట్రోఫీ ఆడిన సీకే నాయుడి గురించి తెలిసినవాళ్లు, 46 ఏళ్ల దాకా ఆడినవాణ్ని చూసి నొసలు చిట్లించరు.

2021 జాబితాలో స్టీవెన్స్ పక్కన ఉన్న ఇంకొక పేరు అతడి కెంట్ సహచరుడు జాక్ క్రాలీది. క్రాలీ 1998లో పుట్టాడు, అంటే స్టీవెన్స్ ఫస్ట్‌క్లాస్ ఆట మొదలుపెట్టిన తర్వాతి ఏడాది. స్టీవెన్స్ లాంటి బౌలర్ల వల్ల బ్యాటర్లు ఎదగరన్న వాదన వినిపించినప్పుడు ఈ జోడీ గుర్తుకు రావాలి. క్రాలీ కెంట్‌లోనే ఎదిగాడు, 2020లో పాకిస్థాన్‌పై టెస్టులో 267 పరుగులు చేశాడు.

స్టీవెన్స్‌ను ఇంగ్లండ్‌కు ఎంపిక చేయకపోవడం అన్యాయమని నేను అనను. బ్యాటర్‌గా అతడు ఇరవైల్లో ఆ స్థాయి నిలకడ చూపలేదు. బౌలర్‌గా పదును తేలేసరికి టెస్టుల్లో కొత్తగా దించే వయసు దాటిపోయింది. సెలక్టర్లు తమ పని తాము చేశారు. కానీ అంతర్జాతీయ మ్యాచ్ ఆడని ఆటగాడి కెరీర్‌ను అసంపూర్ణంగా, మరొక స్థాయికి మెట్టు కాలేకపోయినదిగా లెక్కగట్టడం నాకు మింగుడుపడదు. మన దేశంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. బిషన్ సింగ్ బేడీ కాలంలో పుట్టిన పాపానికి 637 రంజీ వికెట్లు తీసిన రాజిందర్ గోయల్‌కు భారత టోపీ దక్కలేదు. రంజీ ట్రోఫీలో ఆరు వేల పరుగులు, 400 వికెట్లు రెండూ సాధించిన తొలి ఆటగాడు జలజ్ సక్సేనా కూడా అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. దేశవాళీ మ్యాచ్‌లు చూసే మనుషులు ఉన్నారు, ఆ జట్లను తమ జట్లుగా భావించే ఊళ్లు ఉన్నాయి. క్యాంటర్‌బరీ ప్రేక్షకులకు స్టీవెన్స్ ఎవరికో ప్రత్యామ్నాయం కాదు, కెంట్ క్రికెట్ అంటే ఆ పదిహేడేళ్లూ చాలావరకు అతడే.

కౌంటీ విమర్శకులు చెప్పే మరో మాటలో మాత్రం బలముంది. వేసవిలో ఎండ కాసే జూలై, ఆగస్టు నెలలను కౌంటీల టీ20 పోటీ అయిన బ్లాస్ట్‌కూ, 2021లో మొదలైన వంద బంతుల పోటీ హండ్రెడ్‌కూ కేటాయించి, నాలుగు రోజుల ఆటను చాలావరకు చలిగాలుల నెలలకు తరిమేశారు. పిచ్ పొడిబారి పగుళ్లు తీసేదాకా ఆట జరగకపోతే స్పిన్నర్ ఎక్కడి నుంచి వస్తాడు? ఆ నిర్ణయాలు తీసుకున్నది బోర్డు, కౌంటీ యాజమాన్యాలు. 2023 నుంచి కొన్ని రౌండ్లలో సీమ్ తక్కువగా ఉండే కూకబుర్రా బంతిని వాడి చూశారు, దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. బంతి మార్చినా ఏప్రిల్ నెల ఏప్రిల్‌గానే ఉంటుంది. క్యాలెండర్‌ను సరిచేయకుండా, ఇచ్చిన పిచ్ మీద తన పని శ్రద్ధగా చేసినవాణ్ని వ్యాధి లక్షణంగా చూపించడం బాధ్యత తప్పించుకోవడమే.

2022లో కెంట్ అతణ్ని మళ్లీ వదులుకుంది, ఈసారి నిర్ణయం మారలేదు. అయినా ఆ ఆగస్టులో వన్డే కప్ సెమీఫైనల్లో హాంప్‌షైర్‌పై 84 పరుగులతో అజేయంగా నిలిచి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ట్రెంట్‌బ్రిడ్జ్‌లో లాంకషైర్‌తో ఫైనల్లో 33 పరుగులు చేశాడు, కెంట్ 21 పరుగుల తేడాతో కప్పు గెలిచింది. వయసు మళ్లినవాళ్లు కుర్రాళ్లకు అడ్డుపడుతున్నారని వాదించేవారు ఆ ఫైనల్ స్కోరుకార్డు తిరగేయాలి. ఆ రోజు 97 పరుగులతో మ్యాచ్‌ను మలుపు తిప్పినది జోయీ ఎవిసన్. అతడూ సీమ్ బౌలింగ్ ఆల్‌రౌండరే, వయసు ఇరవై. కెంట్ తుది జట్టులో ఇద్దరికీ చోటు దొరికింది.