కొమ్ము ఎంతకి పోద్ది?

కాజీరంగా వెళ్లొచ్చాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. శ్రీకాకుళంలో పుట్టినవాడు పద్ధతిగా అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని ఊరుకోవాలి. రైళ్లు మారి అస్సాం దాకా పోయి ఖడ్గమృగాన్ని చూసొచ్చినందుకు పది రోజులుగా శిక్ష పడుతోంది. శిక్షంటే ఒకే ఒక్క ప్రశ్న.

"కొమ్ము ఎంతకి పోద్ది?"

ఇంటి ఓనరు అడిగాడు. బ్యాంకులో క్యాషియర్ అడిగాడు. పెళ్లి సంబంధం మాట్లాడటానికొచ్చిన మా పెద్ద మావయ్య ముందు అదడిగి, తరవాత కట్నం సంగతికొచ్చాడు. అదెలా ఉంటుంది, ఏం తింటుంది అని అడిగిన పాపాన ఒక్కడు పోలేదు. అంత జంతువు, మనిషెత్తు గడ్డిలోంచి బయటికొచ్చి మా జీపు ముందు నిలబడింది. ఒంటి మీద బురద పెళ్లలు ఎండి రాలుతున్నాయి. డ్రైవరు ఇంజన్ ఆపేస్తే, అది గడ్డి తెంపుతున్న చప్పుడు వినబడింది. ఇదంతా చెప్పబోతానా, పలాసలో జీడిపప్పు గుండు రేటూ బద్ద రేటూ కనుక్కున్నట్టు మళ్లీ కొమ్ము దగ్గరికే వస్తారు.

మొన్న ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో నోరు జారాను. 2021 సెప్టెంబరులో అస్సాం ప్రభుత్వం బొకాఖాట్‌లో 2,479 కొమ్ములు పేర్చి తగలబెట్టిందని చెప్పాను. గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. ఒకాయన గుండె పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. ఇంకొకాయన ఫోన్లో లెక్క మొదలెట్టి, సున్నాలు పట్టక మానేశాడు. "బుర్రుందేటి ఆలకి? ఏలం ఎయ్యకూడదా?" టీ కొట్టాయన అందరికీ మంచినీళ్లిచ్చాడు. ఎవరూ టీ ముట్టలేదు. దినవారాలు పెట్టడమొక్కటే తక్కువ.

అసలా కొమ్ములో ఏముందయ్యా? కెరటిన్. మన గోళ్లలో ఉండేదే. అదేదో రోగానికి మందని ఎక్కడో ఎవడో నమ్ముతాడు. దానికోసం తుపాకీతో కాల్చి, ఇంకా ఊపిరి ఆడుతుండగానే మొహం నరికి కొమ్ము పెకలించుకుపోతారు. 1905లో ఆ కాజీరంగా అడవిని కాపాడాలని మొదలెట్టేనాటికి అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 2022 లెక్కకి 2,613 అయ్యాయి. బ్రహ్మపుత్ర వరదల్లో, దోమల్లో, రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లుండబట్టి అయ్యాయి. వాళ్ల జీతమెంతని ఒక్కడడిగాడా? ఆ రేటుండబట్టే కదా అది చస్తోంది! మళ్లీ రేటు అడగడానికి సిగ్గు లేదూ?

నిన్న పొద్దున్నే ఫోను. బెంచీ మీద కూలబడినాయనే.

"రేత్రి నిద్దర పట్టనేదు బాబూ. ఆ బూడిదేటి సేసినారు?"

అది కలిపి ఖడ్గమృగాల విగ్రహాలు చేసి కాజీరంగాలోనే పెట్టారని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"రేత్రులు కాపలా ఉంటాదేటి?"