మచ్చను ముందే పట్టాలి

పొట్ట స్కానింగ్ నివేదికలో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న మాట కనబడగానే కొందరు హడలిపోతారు. ఇంకొందరు అందరికీ ఉండేదేలే అని కాగితాన్ని అటకెక్కిస్తారు. ఆ గ్రేడ్ చెప్పేది కాలేయంలో కొవ్వు ఎంత పేరుకుందన్నది మాత్రమే. రోగి భవిష్యత్తును ప్రధానంగా తేల్చేది ఫైబ్రోసిస్, అంటే కాలేయంలో నారలా గట్టిపడే మచ్చ. ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా లెక్కగట్టే ఈ దశల్లో చివరిది సిర్రోసిస్. మామూలు అల్ట్రాసౌండ్ తొలి దశల మచ్చను చూపలేదు. రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైమ్ ఎస్‌జీపీటీ హద్దుల్లోనే ఉందన్న ధీమా కూడా పనికిరాదు. మచ్చ ముదిరినవారిలోనూ అది మామూలుగా ఉండవచ్చు.

సూది గుచ్చి ముక్క తీయకుండానే (అంటే బయాప్సీ లేకుండానే) మచ్చను అంచనా వేసే పద్ధతులు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. వాటిని సరైన వరసలో వాడటం, నివేదికను పూర్తిగా ఇవ్వడం ఇప్పటికీ అలవాటు కాకపోవడమే మా ఆందోళన.

మొదటి మెట్టుకు యంత్రం అక్కర్లేదు. ఫిబ్-4 అనే లెక్క చాలు. వయసును మరో ఎంజైమ్ ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి మొత్తాన్ని రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు 52 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా 80 వేలు ఉన్నాయనుకుందాం. పైన 52×48 = 2,496, కింద 180×6 = 1,080. స్కోరు 2.31. ఈ కాగితాన్ని విడివిడిగా చదివితే ఏ అంకె దగ్గరా ఎవరూ ఆగరు. ఒక్కచోట చేర్చి లెక్కగడితేనే తర్వాతి పరీక్ష అవసరమని తెలుస్తుంది. స్కోరు 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం బాగా తక్కువ. 2.67 దాటితే కాలేయ నిపుణుల దగ్గరకు పంపాలి. నడుమ ఉంటే గట్టిదనం కొలిచే స్కాన్ చేయాలి. వయసు 65 దాటినవారికి కింది గీత 1.3 కాదు, 2.0. ముప్పై అయిదేళ్లలోపువారికి ఈ లెక్క అంత నమ్మదగింది కాదు.

టైప్-2 మధుమేహం, ఊబకాయం ఉన్నవారికీ, మద్యం ఎక్కువగా తీసుకునేవారికీ ఈ లెక్క తప్పనిసరిగా కట్టాలి. వయసుతో సహా నాలుగు అంకెలూ ల్యాబ్ కంప్యూటర్లో ఉన్నవే. నివేదిక అడుగున ఫిబ్-4ను దానంతటదే అచ్చయ్యేలా చేయడానికి ల్యాబ్‌లకు ఉన్న అడ్డంకి ఏమిటో మాకు అర్థం కావడం లేదు.

రెండో మెట్టు ఫైబ్రోస్కాన్. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేయి తలకింద పెట్టించి, కుడి పక్కటెముకల సందున ప్రోబ్ అనే చేతి పరికరాన్ని ఆనించి చిన్నగా తడుతుంది యంత్రం. ఆ తట్టుకు 50 హెర్ట్‌జ్ అల ఒకటి కాలేయంలోకి సాగుతుంది. కాలేయం ఎంత గట్టిగా ఉంటే అల అంత వేగంగా వెళుతుంది. ఆ వేగాన్నే కిలోపాస్కల్స్‌లోకి మార్చి చూపుతారు. బయాప్సీ ముక్క కంటే సుమారు వంద రెట్లు పెద్ద భాగాన్ని ఇది కొలుస్తుంది. కొవ్వు కాలేయం ఉన్నవారిలో 8 కన్నా తక్కువ వస్తే ముదిరిన మచ్చ దాదాపు లేనట్టే. 12 దాటితే ఉన్నట్టే అనుమానించాలి.

తేడా వచ్చేది ఇక్కడే. యంత్రం కొలిచేది గట్టిదనం, మచ్చ కాదు. భోజనం చేశాక కాలేయానికి రక్తప్రవాహం పెరిగి అంకె పైకి పోతుంది. అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. హెపటైటిస్ వాపు, గుండె వైఫల్యంతో కాలేయంలో నిలిచిన రక్తం, పిత్తనాళంలో అడ్డంకి, ఆగని మద్యం, ఇవన్నీ మచ్చ లేకున్నా అంకెను పెంచుతాయి. కామెర్లు ఉధృతంగా ఉన్నప్పుడు స్కాన్ చేసి సిర్రోసిస్ అని తేల్చేయడం రోగికి చేసే అన్యాయం. పొట్టలో నీరు చేరితే అల ముందుకు సాగదు, కొలతే రాదు. చర్మం నుంచి కాలేయానికి 25 మిల్లీమీటర్లకు మించి దూరం ఉన్న స్థూలకాయులకు మామూలు ఎమ్ ప్రోబ్ బదులు ఎక్స్ఎల్ వాడాలి. పది సరైన కొలతలు రావాలి. మధ్యస్థ విలువతో పోలిస్తే వాటి ఎడం 30 శాతం లోపు ఉండాలి. నివేదికలో ఐక్యూఆర్/మీడియన్ అని ఉండేది ఇదే. అది లేకుండా ‘11.4’ అని మాత్రమే రాసిస్తే ఆ అంకెను నమ్మాలో వద్దో వైద్యుడికైనా తెలియదు.

కొవ్వుకు అదే యంత్రం 100 నుంచి 400 వరకు క్యాప్ స్కోరు ఇస్తుంది. 275 దాటితే కొవ్వు ఉన్నట్టు భావిస్తారు. అయితే సిర్రోసిస్ ముదిరేకొద్దీ కాలేయంలో కొవ్వు తగ్గిపోవచ్చు. గట్టిదనం ఎక్కువగా ఉండి క్యాప్ తక్కువగా వస్తే అది శుభవార్త కాదు. కొవ్వును కచ్చితంగా కొలవాలంటే ఎంఆర్ఐ పీడీఎఫ్ఎఫ్ అనే స్కాన్ ఉంది. ఎంఆర్ఐ యంత్రంపైనే చేసే ఎంఆర్ ఎలాస్టోగ్రఫీ గట్టిదనాన్నీ కొలుస్తుంది. కానీ దాని కిలోపాస్కల్, ఫైబ్రోస్కాన్ కిలోపాస్కల్ ఒకటి కాదు: లెక్కగట్టే గుణకమే వేరు, ఫైబ్రోస్కాన్ అంకె దాదాపు మూడు రెట్లు ఉంటుంది. ఎంఆర్ నివేదికలో 4 చూసి ఊపిరి పీల్చుకుంటే ప్రమాదమే.

బయాప్సీ అవసరం పోలేదు. రెండు పరీక్షలు చెరో మాట చెప్పినప్పుడు, ఇతర కాలేయ వ్యాధి ఉందన్న అనుమానం ఉన్నప్పుడు అదే దిక్కు. మరోవైపు స్కాన్ కొన్ని బాధలను తప్పిస్తుంది కూడా. కాలేయం దెబ్బతిన్నా ఇంకా నిలదొక్కుకుని ఉన్నవారిలో గట్టిదనం 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా ఉంటే అన్నవాహికలో ఉబ్బిన సిరల కోసం చేసే ఎండోస్కోపీని అప్పటికి వాయిదా వేయవచ్చు.

స్కాన్ నివేదికలో మధ్యస్థ విలువ, ఐక్యూఆర్ శాతం, సరైన కొలతల సంఖ్య, వాడిన ప్రోబ్, ఎన్ని గంటలు పరగడుపున ఉన్నారన్నది, ఆనాటి ఎస్‌జీపీటీ ఉండి తీరాలి. బరువు తగ్గాకో, మద్యం మానాకో మళ్లీ కొలిచేటప్పుడు అదే రకం యంత్రం, అదే ప్రోబ్ వాడాలి. పాత కాగితం మీద ఈ వివరాలు లేకపోతే, అంకె తగ్గింది కాలేయం కోలుకున్నందుకా, ఈసారి పరగడుపున వచ్చినందుకా అన్నది తేలదు.